ట్రాక్ రేసింగ్ కోసం ఎస్టీమ్ ఇంజన్‌ను విప్పి మళ్ళీ బిగించే పద్ధతి

మారుతి ఎస్టీమ్‌లో వచ్చిన 1298 సీసీ, 16 వాల్వుల ఇంజన్‌ను రేస్ ట్రాక్ మీద నడపడానికి సిద్ధం చేయదలచిన వారి కోసం ఈ పద్ధతిని రాస్తున్నాను. ఈ ఇంజన్‌నే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. బ్లాకు అల్యూమినియంది, లైనర్లు (పిస్టన్ జారే లోపలి గొట్టాలు) పోత ఇనుమువి కావడంతో బరువు తక్కువ. ఎస్టీమ్ తయారీ ఆగిపోయిన తరువాత కూడా ఇదే కుటుంబానికి చెందిన ఇంజన్ జిప్సీలో కొనసాగడంతో విడిభాగాలు దొరుకుతూనే ఉన్నాయి. 1990లో మొదలైన ఇరుంగాట్టుకోట్టైలోని మద్రాసు ట్రాక్ మీద, కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వే మీద మారుతి 1300 సీసీ ఇంజన్లు ఏళ్ళ తరబడి పరుగెడుతున్నాయి. నెల్లూరు, విజయవాడ, హైదరాబాదుల నుంచి రేసింగ్‌కు వెళ్ళే మనవారికి బాగా అలవాటైన ట్రాక్ కూడా ఆ మద్రాసుదే.

రోడ్డు మీది ఇంజన్‌కూ ట్రాక్ మీది ఇంజన్‌కూ తేడా ఎక్కడుందో ముందుగా గ్రహించాలి. ఈ ఇంజన్ బోరు, అంటే సిలిండర్ లోపలి వ్యాసం, 74 మిల్లీమీటర్లు; స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 75.5 మిల్లీమీటర్లు. నిమిషానికి 6000 చుట్ల దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకు 15 మీటర్లు. 7500 చుట్ల దగ్గర అది దాదాపు 19 మీటర్లకు చేరుతుంది. వేగంలో పెరుగుదల నాలుగో వంతే అయినా, పిస్టన్‌ను పైకొసన ఆపి వెనక్కి లాగే బలం చుట్ల వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది కాబట్టి, కనెక్టింగ్ రాడ్ మీదా దాని బోల్టుల మీదా పడే భారం ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ట్రాక్ మీద పగిలిపోయే ఇంజన్లలో చాలావాటికి మూలం ఈ భారంలోనో, మూలమలుపులో ఆయిల్ అందకపోవడంలోనో, వేడిలోనో ఉంటుంది. అందువల్ల ముందు ఇంజన్ నిలబడేలా చూడాలి, శక్తి పెంచడం ఆ తరువాతి పని. నేను ఖరీదైన భాగాల కంటే కొలతలనూ శుభ్రతనూ ఎక్కువగా నమ్ముతాను, ఈ పద్ధతి అంతా ఆ నమ్మకం మీదే నడుస్తుంది.

విప్పక ముందు చేయవలసినవి

మీరు పాల్గొనబోయే తరగతి నిబంధనల పుస్తకాన్ని మొదట చదవండి. కొన్ని తరగతుల్లో ఇంజన్‌కు సీలు వేస్తారు, కొన్నింటిలో పిస్టన్లూ క్యామ్‌షాఫ్టూ కంపెనీవే ఉండాలంటారు, కొన్నింటిలో కంప్రెషన్‌కు హద్దు పెడతారు. అర మిల్లీమీటరు ఓవర్‌సైజ్ బోరు చేయిస్తే 1298 సీసీ ఇంజన్ 1316 సీసీ అవుతుంది; తరగతి హద్దుకు అది లోబడి ఉంటుందో లేదో పిస్టన్లు కొనకముందే తేల్చుకోవాలి. ఆ తరువాత ఒక అంకె నిర్ణయించుకోండి: ఈ ఇంజన్ గరిష్ఠంగా ఎన్ని చుట్లు తిరగాలి? ఇక్కడ నేను 7500 అని తీసుకుంటున్నాను. స్ప్రింగులు, రాడ్ బోల్టులు, ఆయిల్ ఏర్పాటు అన్నీ ఆ అంకె చుట్టూనే నిర్ణయమవుతాయి.

ఇంజన్‌ను దించకముందే దాని ప్రస్తుత స్థితిని నమోదు చేయండి. ఇంజన్ వేడిగా ఉండగా, థ్రాటిల్ పూర్తిగా తెరిచి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ చూసి రాసుకోండి. ఆ తరువాత లీక్‌డౌన్ పరీక్ష చేయండి. ఇది కంప్రెషన్ పరీక్ష కంటే ఎక్కువ నిజం చెబుతుంది. పిస్టన్‌ను పైకొసన నిలిపి కంప్రెసర్ గాలి పంపినప్పుడు ఆ గాలి ఎక్కడి నుంచి బయటికి వస్తున్నదో చెవి పెట్టి వినండి. సైలెన్సర్ వైపు వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, థ్రాటిల్ వైపు వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినిపిస్తే రింగులు, రేడియేటర్‌లో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్ లేదా పగులు కారణమని తెలుసుకోవచ్చు. ఈ పేజీని భద్రంగా ఉంచండి, చివరిలో దీనితో పని ఉంది.

విప్పడం

హెడ్డు బోల్టులను ఇంజన్ పూర్తిగా చల్లారిన తరువాతే, బిగించిన వరుసకు వ్యతిరేకంగా, అంటే రెండు చివరల నుంచి మధ్యకు, విడతలవారీగా వదులు చేయాలి. వేడి మీద విప్పితే అల్యూమినియం హెడ్డు వంగుతుంది. మెయిన్ బేరింగ్ క్యాపులకూ రాడ్ క్యాపులకూ ఉన్న గుర్తులను చూసుకోండి. లేకపోతే మీరే సిలిండర్ సంఖ్యనూ ముందువైపునూ గుర్తించండి. ఆ క్యాపులను వాటి జతతో కలిపే రంధ్రం చేసి ఉంటారు కాబట్టి ఒకదానిది మరొకదానికి ఎన్నటికీ పనికిరాదు. పిస్టన్‌ను పైకి నెట్టే ముందు లైనరు పైఅంచున మిగిలిన మెట్టును తొలగించండి, లేకపోతే రింగు గట్లు విరుగుతాయి.

బేరింగ్ షెల్స్‌ను (క్రాంకు తిరిగే చోట వేసే సగం వలయాలను) వరుసగా ఒక తెల్ల కాగితం మీద పేర్చి, పారేయకుండా చదవండి. అన్నీ సమానంగా, బూడిద రంగులో మెరుపు లేకుండా ఉంటే ఆయిల్ బాగా అందినట్లు. రాగిరంగు బయటపడితే పైపొర అరిగిపోయినట్లు. సన్నని గీతలూ, గుచ్చుకున్న చెత్తా కనిపిస్తే ఆయిల్‌లో మలినం తిరిగినట్లు. ఒక షెల్ ఒక అంచున మాత్రమే అరిగితే ఆ రాడ్ వంగి ఉండవచ్చు. పిస్టన్ పైభాగంలో ఇసుక చల్లినట్లు చిన్న చిన్న గుంటలుంటే ఆ ఇంజన్ నాకింగ్ చేసింది, అంటే పెట్రోలు మిశ్రమం తనంతట తాను పేలి పిస్టన్‌ను కొట్టింది. దాని కారణం కనుక్కోకుండా కొత్త పిస్టన్ వేయడం ఆ తప్పునే తిరిగి కొనుక్కోవడం అవుతుంది.

శుభ్రం చేయడం

ఈ భాగం దగ్గర మీరు కొంచెం ఓపికగా ఆగాలని కోరుతున్నాను, ఎందుకంటే నా మొదటి రేస్ ఇంజన్ ఇక్కడే పోయింది. బోరింగ్ నుంచి తిరిగి వచ్చిన బ్లాకును పైపైన డీజిల్‌తో కడిగి, ఎండబెట్టి, బిగించాను. ఆయిల్ గ్యాలరీ (బ్లాకు లోపలి ఆయిల్ దారి) చివర నొక్కి కూర్చోబెట్టిన ప్లగ్గులను తీయలేదు. బోరు చేశాక లైనరు లోపల సన్నని గీతలు పెట్టే హోనింగ్ రాయి నుంచి రాలిన పొడి ఆ గ్యాలరీలో మిగిలిపోయి, మూడో ల్యాపులోనే రెండో రాడ్ బేరింగ్‌ను కొరికేసింది. ఆ క్రాంక్‌షాఫ్ట్ మళ్ళీ గ్రైండింగ్‌కు కూడా పనికిరాలేదు.

అందుకే గ్యాలరీ ప్లగ్గులన్నీ తీయండి. తుపాకీ గొట్టం తోమే బ్రష్‌లాంటి పొడవాటి, సన్నని బ్రష్‌ను ప్రతి రంధ్రంలోనూ, క్రాంక్‌షాఫ్ట్‌లోని అడ్డ రంధ్రాల్లో కూడా ఇటు నుంచి అటు పంపండి. హోనింగ్ అయిన వెంటనే లైనర్లను వేడి నీళ్ళూ, బట్టలుతికే సబ్బుపొడీ, గట్టి బ్రష్షూ ఉపయోగించి తోమాలి. పెట్రోలు, డీజిలు జిడ్డును మాత్రమే వదిలిస్తాయి. గీతల్లో ఇరుక్కున్న పొడిని సబ్బునీళ్ళే పైకి లేపుతాయి. తోమి, గాలితో ఆరబెట్టి, తుప్పు పట్టకముందే శుభ్రమైన తెల్లగుడ్డకు పల్చని ఆయిల్ అద్ది లైనరు లోపల తుడవండి. గుడ్డ బూడిద రంగుకు మారినంతకాలం మళ్ళీ తోమండి. నేనైతే నాలుగైదు సార్లు తోమే వరకు గుడ్డ తెల్లగా రావడం చూడలేదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మన వర్క్‌షాపుల్లో ఇనుప బ్లాకులను కాస్టిక్ సోడా తొట్టిలో వేసి ఉడికించే అలవాటు ఉంది. ఈ బ్లాకునూ హెడ్డునూ అందులో వేస్తే కాస్టిక్ అల్యూమినియాన్ని తినేస్తుంది. బ్లాకును అప్పగించేటప్పుడే ఈ మాట స్పష్టంగా చెప్పి, రసీదు మీద రాయించండి.

శుభ్రమైన తరువాత పగుళ్ళు చూడాలి. క్రాంక్‌షాఫ్టునూ రాడ్లనూ అయస్కాంత పద్ధతిలో, అల్యూమినియం హెడ్డునూ బ్లాకునూ పగులులోకి పాకే రంగు ద్రవంతో పరీక్షించాలి. వేడెక్కి ఆగిపోయిన చరిత్ర ఉన్న కారు ఇంజన్ అయితే, హెడ్డును నీటి దారుల్లో ఒత్తిడి పెట్టి పరీక్షించకుండా దాని మీద ఒక్క రూపాయి కూడా ఖర్చు పెట్టవద్దు.

కొలవడం, బోరు చేయించడం

మైక్రోమీటరు, బోర్ గేజ్, డయల్ గేజ్ అప్పు తెచ్చుకున్నా సరే, కొలతలు మీరే తీసుకోండి. ప్రతి సిలిండర్‌ను పైన, మధ్యన, కింద మూడు ఎత్తుల్లో, ఒక్కో ఎత్తులో రెండు దిశల్లో కొలిస్తే ఆరు అంకెలు వస్తాయి. వాటి మధ్య తేడానే బోరు ఎంత అండాకారంగా, ఎంత వాలుగా అరిగిందో చెబుతుంది.

మన ఎండల్లో చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. ఉష్ణోగ్రత 20 డిగ్రీలు పెరిగితే 74 మిల్లీమీటర్ల అల్యూమినియం పిస్టన్ దాదాపు 0.034 మిల్లీమీటరు పెరుగుతుంది. ఇనుప లైనరు అందులో సగమే పెరుగుతుంది. పిస్టన్‌కూ బోరుకూ మధ్య మనం ఉంచాలనుకునే ఖాళీయే వందో వంతుల్లో ఉన్నప్పుడు, ఉదయం ఏసీ గదిలో కొలిచిన పిస్టన్‌ను మధ్యాహ్నం రేకుల షెడ్డులో కొలిచిన బోరుతో పోల్చితే వచ్చే జవాబుకు అర్థం ఉండదు. పిస్టన్లు, బ్లాకు, మైక్రోమీటరు మూడింటినీ రాత్రంతా ఒకే గదిలో ఉంచి, తెల్లవారుజామున కొలవండి. మైక్రోమీటరును ప్రతిసారీ దాని ప్రామాణిక కడ్డీతో సరిచూసుకోండి.

పిస్టన్లు చేతికి వచ్చిన తరువాతే బోరు చేయించాలి, ముందు కాదు. పిస్టన్‌ను తయారీదారు చెప్పిన ఎత్తులో, పిన్నుకు లంబంగా కొలిచి, ఆ కొలతకు వారు చెప్పిన ఖాళీని కలిపి, ఏ పిస్టన్ ఏ సిలిండర్‌కో పేరు పెట్టి ఇవ్వండి. ఫోర్జ్డ్ పిస్టన్లలో రెండు మిశ్రమ లోహాలు ప్రసిద్ధం. 4032 అనే దానిలో సిలికాన్ ఎక్కువ కాబట్టి వేడికి తక్కువ పెరుగుతుంది, బిగువైన ఖాళీతో నడుస్తుంది. 2618 అనే దానిలో సిలికాన్ దాదాపు ఉండదు. నాకింగ్ దెబ్బలను బాగా తట్టుకుంటుంది గానీ ఎక్కువగా పెరుగుతుంది కాబట్టి ఖాళీ ఎక్కువ కావాలి, చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ కొట్టుకునే చప్పుడు చేస్తుంది. టర్బో లేని ఈ ఇంజన్‌కు 4032 చాలునని నా అభిప్రాయం.

హోనింగ్ టార్క్ ప్లేటుతోనే చేయించండి. హెడ్డు బోల్టులు బిగించినప్పుడు అల్యూమినియం బ్లాకులోని పల్చని లైనర్లు కొద్దిగా వంకరపోతాయి. హెడ్డు స్థానంలో మందపాటి ఉక్కు పలకను గ్యాస్కెట్‌తో సహా అదే టార్క్‌తో బిగించి హోన్ చేస్తే, ఇంజన్ నడిచే స్థితిలో బోరు గుండ్రంగా ఉంటుంది. ఆ పలక మీ ఊరి వర్క్‌షాపులో లేకపోతే లేత్ మీద చేయించుకోవడం శ్రమే, అయినా చేయించుకోండి. హోన్ గీతలు ఒకదానినొకటి దాదాపు 45 డిగ్రీల కోణంలో ఖండించుకోవాలి. చివరిలో సన్నని రాయితో గీతల కొనలను మాత్రం తీసేస్తే రింగులు త్వరగా కూర్చుంటాయి.

క్రాంకు, రాడ్లు, బేరింగులు

క్రాంక్‌షాఫ్ట్ జర్నల్స్‌ను (బేరింగులలో తిరిగే గుండ్రని భాగాలను) కొలవండి. గీతలు లేకుండా, అండాకారం లేకుండా ఉంటే పాలిష్ చాలు. గ్రైండింగ్ తప్పకపోతే, జర్నల్ అంచున ఉండే గుండ్రని వంపును అలాగే ఉంచమని చెప్పండి. అక్కడ పదునైన మూల ఏర్పడితే క్రాంకు సరిగ్గా అక్కడి నుంచే పగులుతుంది. ఆయిల్ రంధ్రాల అంచులను చేత్తో నునుపు చేయండి.

బేరింగ్ ఖాళీకి రేసింగ్ వారిలో ఒక పాత లెక్క ఉంది: జర్నల్ వ్యాసంలో ప్రతి అంగుళానికి ఒక థౌ (అంగుళంలో వెయ్యో వంతు), అంటే ప్రతి 25 మిల్లీమీటర్లకు 0.025 మిల్లీమీటరు. 45 మిల్లీమీటర్ల జర్నల్‌కు ఇది 0.045 అవుతుంది. ఈ అంకె వర్క్‌షాప్ మాన్యువల్ చెప్పిన హద్దుల్లో ఏ చివర ఉందో చూసుకొని నిర్ణయించండి. షెల్స్ అమర్చి, క్యాపులను పూర్తి టార్క్‌తో బిగించి, లోపలి వ్యాసాన్ని బోర్ గేజ్‌తో కొలిచి, జర్నల్ వ్యాసాన్ని తీసివేయడమే నమ్మదగిన పద్ధతి. నలిగిన వెడల్పును బట్టి ఖాళీని చూపే ప్లాస్టిగేజ్ తీగను లెక్క సరిచూడటానికి వాడండి, లెక్క కట్టడానికి వాడకండి.

ఈ ఇంజన్‌లో మీరు డబ్బు పెట్టదగిన మొదటి చోటు రాడ్ బోల్టులు. పాతవి తిరిగి వాడకండి. మేలైన బోల్టులు వేసిన తరువాత రాడ్ పెద్దకన్ను గుండ్రదనం మారుతుంది కాబట్టి దాన్ని మళ్ళీ హోన్ చేయించాలి. టార్క్ రెంచి మరకు ఉన్న రాపిడిని కూడా కలిపి కొలుస్తుంది. బోల్టు నిజంగా ఎంత సాగిందో చెప్పదు. అందువల్ల ప్రతి బోల్టు పొడవును వదులుగా ఉన్నప్పుడు కొలిచి రాసుకొని, తయారీదారు ఇచ్చిన కందెన రాసి, వారు చెప్పినంత సాగే వరకు బిగించండి. ఈ ఎనిమిది అంకెలూ ఆ ఇంజన్ బతికినంతకాలం మీ నోటు పుస్తకంలో ఉండాలి.

రాడ్లను పెద్ద చివర, చిన్న చివర విడివిడిగా తూచి, పిస్టన్లను పిన్నులతో సహా తూచి, నాలుగూ ఒక గ్రాము లోపల ఉండేలా సరిచేయండి. క్రాంకును ఫ్లైవీల్, క్లచ్ కవర్‌తో కలిపి బ్యాలెన్స్ చేయించి, అవి ఏ స్థితిలో కలిశాయో గుర్తు పెట్టండి.

రింగులు

రింగు కొనల మధ్య ఖాళీ సరిపోకపోతే, వేడికి ఆ కొనలు ఒకదానికొకటి తగిలి, రింగు లైనరును గీసి, పిస్టన్ గట్టును విరగ్గొడుతుంది. ఖాళీ కొంచెం ఎక్కువైతే జరిగే నష్టం స్వల్పం. టర్బో లేని రేస్ ఇంజన్లలో బోరును 0.0045తో గుణించి పై రింగు ఖాళీని, 0.005తో గుణించి రెండో రింగు ఖాళీని తీసుకోవడం వాడుక. 74 మిల్లీమీటర్లకు ఇవి 0.33, 0.37 అవుతాయి. రెండో రింగు ఖాళీ ఎక్కువ ఎందుకంటే, పై రింగును దాటిన వాయువు రెండింటి మధ్య చిక్కుకుంటే పై రింగును దాని గాడిలో పైకి లేపుతుంది. రింగును దాని సిలిండర్‌లోనే, పిస్టన్‌తో నెట్టి తిన్నగా నిలిపి, ఫీలర్ గేజ్‌తో చూడండి. ఆకురాయితో ఒక కొననే, బయటి నుంచి లోపలికి మాత్రమే రాయండి. మొలిచిన ముళ్ళను తీసేయండి.

హెడ్డు, కంప్రెషన్

గైడులు వదులుగా ఉంటే మిగతా పనంతా వ్యర్థం కాబట్టి మొదట వాటినే మార్పించండి. సీట్లను 30, 45, 60 డిగ్రీల మూడు కోణాల్లో కోయించండి. ఇన్‌లెట్ సీటు సన్నగా ఉండవచ్చు గానీ ఎగ్జాస్ట్ సీటును మరీ సన్నగా చేయకండి, ఎందుకంటే ఎర్రగా కాలే ఆ వాల్వు తన వేడిని హెడ్డుకు అప్పగించేది సీటు ద్వారానే. పోర్టులను వెడల్పు చేయాలన్న ఆశను అదుపులో పెట్టుకోవాలి. 1300 సీసీ ఇంజన్‌లో పోర్టు పెద్దదైతే గాలి వేగం తగ్గి, మలుపు నుంచి బయటికి వచ్చేటప్పుడు కారు బరువెక్కినట్లు నడుస్తుంది. సీటుకు వెంటనే వెనుక ఉన్న వంపులో పోత మెట్లను తీయడం, గ్యాస్కెట్ అంచులను సరిపోల్చడం, ఈ రెండింటితోనే ఎక్కువ లాభం వస్తుంది.

కంప్రెషన్‌ను ఊహించకండి, కొలవండి. ఒక సిలిండర్ ఊడ్చే పరిమాణం 324.7 సీసీ. 9.5:1 నిష్పత్తికి పైన మిగిలే ఖాళీ 38.2 సీసీ ఉండాలి, 11:1 నిష్పత్తికి 32.5 సీసీ. అంటే తగ్గించవలసింది 5.7 సీసీ. ఛాంబర్ మీద గాజు పలక పెట్టి బ్యూరెట్‌తో ద్రవం పోసి కొలిచి, దానికి గ్యాస్కెట్ మందంలోని ఖాళీనీ, పిస్టన్ పైభాగపు గుంతనూ, పిస్టన్ బ్లాకు అంచుకు ఎంత దిగువన ఆగుతుందో ఆ ఖాళీనీ కలపాలి. బ్లాకు పైముఖం ఒక మిల్లీమీటరు తీస్తే 4.3 సీసీ తగ్గుతుంది. హెడ్డు ఒక మిల్లీమీటరు తీస్తే అంతకంటే తక్కువే తగ్గుతుంది, ఎందుకంటే ఛాంబర్ నోరు బోరంత వెడల్పు ఉండదు. నాలుగు ఛాంబర్లనూ కొలిచి సమానం చేయండి.

11:1 పెట్టుకుంటే పెట్రోలు సంగతి మరవకూడదు. 91 ఆక్టేన్ పెట్రోలు మీద ఈ ఇంజన్ నాకింగ్ చేయకుండా పూర్తి శక్తి ఇవ్వదు. 95 ఆక్టేన్‌దో, ఇండియన్ ఆయిల్ 2020లో తెచ్చిన 100 ఆక్టేన్‌దో వాడండి. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు గాలి పాళ్ళు 14.7 నుంచి 13.5 దగ్గరికి దిగుతాయి కాబట్టి, ట్యూనింగ్‌లో గాలి పెట్రోలు నిష్పత్తిని కాకుండా లాంబ్డా విలువను (పూర్తిగా మండటానికి కావలసిన గాలితో పోలిస్తే అందిన గాలి ఎంతో చెప్పే అంకెను) చూడటం మంచిది. ఆ కాలపు రబ్బరు గొట్టాలూ ఓ రింగులూ ఇథనాల్ కోసం చేసినవి కావు, అన్నీ మార్చండి.

హెడ్డునో బ్లాకునో తీసినా, క్యామ్‌షాఫ్ట్ మార్చినా, వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య దూరం తగ్గుతుంది. పిస్టన్ మీద మైనపు బంకమట్టి పల్చగా పరిచి, పాత గ్యాస్కెట్‌తో హెడ్డు బిగించి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి, విప్పి, మట్టి మందాన్ని కోసి కొలవండి. ఇన్‌లెట్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 మిల్లీమీటర్లు ఉండాలి. పైగా, హెడ్డు కిందికి దిగితే టైమింగ్ బెల్టు వల్ల క్యామ్ కొద్దిగా ఆలస్యమవుతుంది. సర్దుబాటు చేసుకోగల పుల్లీ వేసి, డిగ్రీ చక్రంతో క్యామ్‌ను దాని కాగితంలో ఉన్న అంకెకు తీసుకురండి.

ఆయిల్ నిలవాలి

పొడవాటి మలుపులో ఆయిల్ అంతా సంప్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) ఒక గోడకు ఎక్కేస్తుంది, పంపు గాలిని పీలుస్తుంది, ఒకటి రెండు సెకన్లలో రాడ్ బేరింగ్ పోతుంది. సంప్‌లో పికప్ (పంపు ఆయిల్ పీల్చే గొట్టం) చుట్టూ ఒకవైపే తెరుచుకునే తలుపులున్న గది ఒకటి వెల్డింగ్ చేయించండి. ఆయిల్ లోపలికి రావాలి, బయటికి పోకూడదు. ఆయిల్ కూలర్, క్రాంక్‌కేస్ ఆవిరిని పట్టే డబ్బా, డ్రైవర్ కంటికి ఎదురుగా ఉండే పెద్ద హెచ్చరిక దీపం, ఈ మూడూ తప్పనిసరి. చిన్న గేజ్ ముల్లును మలుపులో ఎవరూ చూడలేరు.

బిగించడం

తలుపులు మూసి, నేల తడిపి, ఫ్యాన్ ఆపి పని చేయండి. బిగించని ప్రతిసారీ ఇంజన్ మీద శుభ్రమైన ప్లాస్టిక్ కవరు కప్పండి. షెల్ వెనుకభాగంలో ఆయిల్ రాయకూడదు, ముందుభాగంలో తప్పక రాయాలి. క్రాంకును కూర్చోబెట్టి, ఒక్కో మెయిన్ క్యాపు బిగించిన తరువాత చేత్తో తిప్పి చూడండి. ఏ క్యాపు దగ్గర బరువెక్కిందో అక్కడే ఆగి కారణం వెతకండి. ముందుకూ వెనక్కూ ఆట ఎంతుందో డయల్ గేజ్‌తో చూసి మాన్యువల్‌తో పోల్చండి. పిస్టన్లు దించేటప్పుడు రాడ్ బోల్టుల మీద రబ్బరు గొట్టం ముక్కలు తొడిగితే జర్నల్ గీతలు పడకుండా ఉంటుంది. రింగు కొనలను ఒకే వరుసలో రానీయకండి. హెడ్డు బోల్టులను మధ్య నుంచి బయటికి, మూడు విడతల్లో, మాన్యువల్ చెప్పిన టార్క్‌కు బిగించండి. బిగించిన ప్రతి బోల్టు మీద రంగు చుక్క పెట్టండి. మధ్యలో ఫోన్ వస్తే, ఎక్కడ ఆపారో తెలిపేది ఆ చుక్కే.

మొదటి స్టార్టు, ట్యూనింగ్

స్పార్క్ ప్లగ్గులు తీసి, పెట్రోలు పంపు ఫ్యూజు తీసి, గేజ్‌లో ఆయిల్ ఒత్తిడి కనిపించే వరకు స్టార్టరుతో కొద్దికొద్దిగా తిప్పండి. ఒత్తిడి రాకముందు ఇంజన్‌ను ఎట్టి పరిస్థితిలోనూ స్టార్ట్ చేయకండి. మొదటిసారి మినరల్ ఆయిల్ వాడండి. స్టార్ట్ అయిన తరువాత లీకులు చూసి, వేడెక్కనిచ్చి, ఆలస్యం చేయకుండా లోడు మీద పెట్టండి, ఎందుకంటే రింగులను లైనరు మీదకు నొక్కేది వాటి వెనుక చేరే దహన వాయువు ఒత్తిడే. గంటల తరబడి ఖాళీగా నడిపితే లైనరు నునుపెక్కి రింగులు ఎన్నటికీ కూర్చోవు. డైనో (ఇంజన్ శక్తిని కొలిచే యంత్రం) మీద సగం థ్రాటిల్‌తో చుట్లను పెంచుతూ తగ్గిస్తూ అర గంట నడిపి, ఆయిల్ దించి, ఫిల్టరును కోసి, కాగితాన్ని విప్పి వెలుతురులో చూడండి. సన్నని బూడిద పొడి సహజం. మెరిసే రేకులు కనిపిస్తే ఇంజన్‌ను మళ్ళీ విప్పాలి, లేకపోతే లీక్‌డౌన్ చేసి ఆ అంకెలనూ రాసుకోండి.

పూర్తి థ్రాటిల్ దగ్గర లాంబ్డా 0.87, 0.89 మధ్య ఉంచి, ఇగ్నిషన్‌ను ఒక్కో డిగ్రీ ముందుకు జరుపుతూ టార్క్ పెరగడం ఆగిన చోట నిలిచి, అక్కడి నుంచి ఒకటి రెండు డిగ్రీలు వెనక్కి తీసుకోండి. డైనో గదిలో పెద్ద ఫ్యాన్ ముందు నడిచిన ఇంజన్, చెన్నై ఎండలో మరో కారు వెనుకే నడిచేటప్పుడు అంత చల్లని గాలి పీల్చదు. వేడెక్కిన తరువాత ఆయిల్ ఒత్తిడి ప్రతి 1000 చుట్లకు చదరపు అంగుళానికి 10 పౌండ్ల చొప్పున ఉండాలి.

ట్రాక్ మీద

ఆయిల్ 80 డిగ్రీలు దాటే వరకు పిట్ నుంచి బయలుదేరకండి. మొదటి సెషన్‌లో చుట్లను 6500 దగ్గర ఆపి, నాలుగైదు ల్యాపుల తరువాత లోపలికి వచ్చి ప్లగ్గులు, ఆయిల్ మట్టం, నీటి మట్టం, పట్టే డబ్బాలో చేరినది చూడండి. ఆ తరువాతే 7500కు వెళ్ళండి. ఇంజన్ ఎన్ని గంటలు నడిచిందో, ఎన్నిసార్లు చుట్లు హద్దు దాటాయో ప్రతి సెషన్ తరువాత రాయండి. తప్పు గేరులోకి దించిన ఒక్క క్షణం పది గంటల రేసింగ్ కంటే ఎక్కువ నష్టం చేయగలదు.

మొదటి రేసు వారాంతం ముగిసిన తరువాత లీక్‌డౌన్ మళ్ళీ చేసి, విప్పక ముందు రాసిన పేజీతోనూ డైనో తరువాతి అంకెలతోనూ పోల్చండి. రేసుల మధ్య విరామంలో సంప్ దించినప్పుడు ఒక రాడ్ క్యాపు విప్పి షెల్ చూడండి, రెండు బోల్టులనూ చల్లగా ఉన్నప్పుడు కొలిచి పుస్తకంలోని పొడవుతో సరిచూడండి. ఏ బోల్టయినా మొదటి పొడవు కంటే 0.025 మిల్లీమీటరు ఎక్కువ ఉంటే మిగతా మూడు రాడ్లూ విప్పి, ఎనిమిది బోల్టులూ మార్చండి.